నలుగురికి మించని గది

2018 అక్టోబరు 2. న్యూయార్క్‌లో వేదిక మీద మైక్రోసాఫ్ట్ తన కొత్త సర్ఫేస్ కంప్యూటర్లను చూపిస్తోంది. విండోస్ 10 అక్టోబరు అప్‌డేట్ కూడా అదే రోజు విడుదలైంది. దాని నంబరు 1809. ఆ రోజు దాన్ని ఎవరి నెత్తినా రుద్దలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి 'చెక్ ఫర్ అప్‌డేట్స్' మీట తమంతట తాము నొక్కినవాళ్లకే ముందుగా అందింది. కొత్తది వచ్చిందంటే ఆగలేనివాళ్లు, కంపెనీ మీద నమ్మకమున్నవాళ్లు నొక్కారు.

వాళ్లలో కొందరి ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. శాతం అంకె నత్తనడకన పెరిగింది. కంప్యూటర్ ఆగింది, లేచింది, మళ్లీ ఆగింది, మళ్లీ లేచింది. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్తే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరిస్తే మాత్రం ఖాళీ. ఫొటోలదీ అదే గతి. రీసైకిల్ బిన్‌లో వెతికినా ఏమీ దొరకలేదు. మైక్రోసాఫ్ట్‌కు మొరపెట్టుకున్న ఒకరి లెక్క ప్రకారం పోయినవి 220 జీబీ. 23 ఏళ్లుగా కూడబెట్టుకున్నవి.

అదే అక్టోబరులో, భూగోళానికి ఇవతలి వైపున తిరుత్తంగల్‌లో దీపావళి హడావిడి. విరుదునగర్ జిల్లాలో శివకాశిని ఆనుకునే ఉంటుంది ఈ ఊరు. 2021లో శివకాశి కార్పొరేషన్‌లో కలిసిపోయింది. చిన్న కొండ మీద నిన్ఱ నారాయణ పెరుమాళ్ కోవెల. 108 దివ్యదేశాల్లో ఒకటి గనక వైష్ణవులకు ఊరి పేరు తెలుసు. మిగతా దేశానికి తెలిసింది శివకాశి పేరు, అదీ టపాకాయల పెట్టె మీద. ఈ చుట్టుపక్కల, కోవిల్‌పట్టి దాకా, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్ వాళ్ల వలస కథనే 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు.

ఆ ఏడు దీపావళి నవంబరు 6న. ఏడాది పొడవునా చేసిన సరుకు గోదాములు దాటి, లారీలెక్కి, ఊరూరి దుకాణాలకు చేరుతున్న వేళ అది. అక్టోబరు 23న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌ల ధర్మాసనం టపాకాయలను పూర్తిగా నిషేధించలేదు. తయారు చేసే విధానాన్నే మార్చమంది. పొగ తక్కువగా వచ్చే 'గ్రీన్' రకాలే చేయాలి. బేరియం లవణాలు వాడకూడదు. దండలుగా కట్టే సీమటపాకాయలు వద్దు. ఆన్‌లైన్ అమ్మకాలు వద్దు. పండుగనాడు కాల్చడానికి రెండు గంటలు. తమిళనాడులో ఆ రెండు గంటలను పొద్దున 6 నుంచి 7, సాయంత్రం 7 నుంచి 8గా విడగొట్టారు.

బేరియం వద్దనడమంటే ఏమిటో తయారీదారుకు వెంటనే అర్థమవుతుంది. కాకరపువ్వొత్తికి, చిచ్చుబుడ్డికి నిప్పురవ్వలు విరజిమ్మే శక్తినిచ్చే మందులో బేరియం నైట్రేటుది పెద్ద పాత్ర. అది తీసేసి ఇంకోటి వేస్తే సరిపోదు. కొత్త పాళ్లు కుదరాలి, పరీక్షించాలి, పేలుడు పదార్థాల భద్రత చూసే పెసో సంస్థ ఒప్పుకోవాలి. పండుగ రెండు వారాల్లో ఉంది. సరుకు అప్పటికే ఊళ్లు దాటిపోయింది.

అంటే ఒకే నెలలో రెండు చోట్ల ఒకే ప్రశ్న లేచింది: మార్పు ఎంత వేగంగా రావాలి? మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్‌లో మార్పులు మరీ వేగంగా బయటికి వెళ్లాయి. తిరుత్తంగల్‌లో మార్పుకు చోటే లేదు. సాఫ్ట్‌వేర్ బృందాలు పొద్దస్తమానం వాదించుకునే ఎజైల్ మనకు సరిపోతుందా లేదా అన్న తగువుకు ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెడితే ఒక దారి కనిపిస్తుంది. ఎజైల్ పుస్తకాల్లో అది అంత స్పష్టంగా కనిపించదని నా అభిప్రాయం.

ఎజైల్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్ అనే మంచుకొండ విడిదిలో 17 మంది ప్రోగ్రామర్లు కలిసి నాలుగు వాక్యాల ప్రకటన రాశారు. ముందే అంతా కాగితం మీద గీసుకుని ఏళ్లకేళ్లు కట్టుకుంటూ పోయే పద్ధతి వాళ్లకు విసుగు పుట్టించింది. చిన్న చిన్న ముక్కలుగా పని చెయ్యి, రెండు మూడు వారాలకోసారి వాడేవాడికి చూపించు, అతను చెప్పింది విను, దారి మార్చుకో. వాళ్లు చెప్పిందాని సారం ఇంతే. మిగతా స్ప్రింట్లు (చిన్న గడువులు), స్టాండప్‌లు (రోజూ జరిపే చిన్న సమావేశాలు), గోడ మీద రంగు చీటీలు అన్నీ దీనికి కట్టిన తోరణాలు.

విసుగు ఊరికే పుట్టలేదు. మైక్రోసాఫ్ట్‌నే చూడండి. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చింది. దాని తర్వాతిదానికి లాంగ్‌హార్న్ అని ముద్దుపేరు పెట్టి పని మొదలెట్టారు. వేలమంది ఎవరి ముక్క వాళ్లు రాసుకుంటూ పోయారు. ముక్కలన్నీ కలిపితే కుదరవు. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట ఊడుతుంది. 2004 జూలైలో ఒకరోజు, విండోస్ పెద్ద జిమ్ ఆల్చిన్ బిల్ గేట్స్ గదికి వెళ్లి ఇది నడవదని చెప్పేశారు. కంపెనీలో పై మెట్టు మీదున్నవాడు మూడేళ్ల పని చూపించి యజమానితో ఆ మాట అనడానికి గుండె కావాలి. చేసినదాంట్లో చాలా భాగం పక్కన పడేసి మళ్లీ మొదలెట్టారు. విండోస్ విస్టా జనం చేతికి అందేసరికి 2007 జనవరి. అయిదేళ్లు దాటింది. వచ్చాకైనా జనానికి నచ్చలేదు.

సత్య నాదెళ్ల ఆ సమయంలో ఇంకో గదిలో ఉన్నారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కుర్రాడు, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ కొడుకు, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరినవాడు. ఆయన గురించి తెలుగు పత్రికలు రాసినంత ఎవరూ రాయలేదు. నాకు కావలసింది మాత్రం ఆ రాతల్లో తక్కువగా కనబడే ముక్క. 2007 నుంచి ఆయన ఆన్‌లైన్ సేవల ఇంజనీరింగ్ చూశారు. తర్వాత బింగ్ అని పేరు మారిన వెతుకుడు యంత్రం ఆయన చేతిలోదే. బింగ్ ఉండేది కంపెనీ సొంత సర్వర్ల మీద. పొద్దున ఒక మార్పు పెట్టి, బాగోలేకపోతే మధ్యాహ్నం తీసేయొచ్చు. వెతికినవాడికి ఒక పూట చెత్త ఫలితాలు వస్తాయి, అంతే. వాడు విసుక్కుని గూగుల్‌కు పోతాడు, సాయంత్రానికి మరిచిపోతాడు.

అలాంటి చోట రాసేవాడు ఒకడు, పరీక్షించేవాడు ఒకడు అని గీత గీసుకోవడం అనవసరమని తోచడం సహజం. మైక్రోసాఫ్ట్‌లో ఆ గీత చాలా లోతైనది. డెవలపర్లు ఒక కులం, టెస్టర్లు ఒక కులం అన్నట్టుగా ఉండేది. గీతను చెరిపి ఇద్దరినీ ఒకే ఇంజనీరు పాత్రలో కలిపే ప్రయోగం ముందుగా బింగ్‌లోనే జరిగింది. డెవలపర్లకు పనిముట్లు తయారు చేసే ఇంకో బృందం 2010లోనే మూడు వారాల స్ప్రింట్‌లకు మారింది. ఇప్పుడు అజూర్ డెవాప్స్ అంటున్నారే, దాన్ని చేసేది వాళ్లే. వాళ్లు పాటించిన నియమం నాకు బాగా నచ్చుతుంది. కొత్త కోడ్ మొదట తాము రోజూ పనిచేసే చోటే పెట్టుకుంటారు. తప్పుంటే ముందు పాడయ్యేది వాళ్ల పనే.

2014 ఫిబ్రవరి 4న నాదెళ్ల సీఈవో అయ్యారు. జూలైలో ఉద్యోగులకు పొడవాటి ఉత్తరం రాశారు. వారం తిరిగేసరికి 18 వేల దాకా ఉద్యోగాల కోత ప్రకటన వెలువడింది. అందులో 12,500 దాకా నోకియా నుంచి వచ్చిన విభాగాలవి. కోత మధ్యలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అదే నెల ఒక ఇంటర్వ్యూలో ఆయన, క్లౌడ్ కాలంలో విడిగా టెస్టర్ల బృందం ఉంచడం కన్నా రాసినవాళ్లే పరీక్షించి దిద్దుకోవడం చాలాచోట్ల మేలని చెప్పారు. బింగ్‌లో పనికొచ్చిన పద్ధతి కంపెనీ అంతటా నడక మొదలెట్టింది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. ఇక అయిదేళ్లకో విండోస్ ఉండదు. ఒకే విండోస్ మాటిమాటికీ కొత్తదవుతూ ఉంటుంది. 2017లో ఏడాదికి రెండుసార్లని గడువు ఖాయం చేశారు. అదే ఏడాది విండోస్ కోడ్ మొత్తాన్ని, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే వ్యవస్థలోకి మార్చారు. 300 జీబీ, 35 లక్షల ఫైళ్లు, దాదాపు 4 వేలమంది ఇంజనీర్లు. ప్రపంచంలో అంతకన్నా పెద్ద గిట్ ఖజానా లేదని వాళ్లే గర్వంగా చెప్పుకున్నారు.

ఇంతవరకు అంతా విజయగాథే. విస్టా నరకం చూసినవాళ్లు మరి వేగం కోరుకోకుండా ఉంటారా?

ఇప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ దగ్గరికి వద్దాం. దాన్ని దగ్గరగా చూడాలి.

విండోస్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌కు మళ్లించుకునే వీలుంది. సి నిండిపోయినవాళ్లు చేసే పని ఇది. మళ్లించాక కొత్త ఫైళ్లన్నీ డిలోకి వెళ్తాయి. పాత ఫైళ్లను మాత్రం విడిగా తరలించాలి. తరలించకపోతే అవి సిలోని పాత ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఎంతమందికి ఇది గుర్తుంటుంది? 2018 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత, మళ్లింపు చేసుకున్నవాళ్లలో కొందరు ఫిర్యాదు చేశారు. అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఇంకోటి కనిపిస్తోంది, చిరాగ్గా ఉంది అని. న్యాయమైన ఫిర్యాదు. బృందం విన్నది. అక్టోబరు అప్‌డేట్‌లో ఆ ఖాళీ నకళ్లను తీసేసే కోడ్ పెట్టింది. అదే సమయంలో అప్‌డేట్ జరిగే క్రమంలో ఇంకెవరో ఇంకో మార్పు చేశారు. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. రెండూ కలిసేసరికి ఖాళీదో కాదో చూడకుండా పాత చోటున్న అసలు ఫోల్డరే లోపలున్న వాటితో సహా ఎగిరిపోయింది.

వినియోగదారు చెప్పింది విను, వెంటనే దిద్దు అని ఎజైల్ మనకు నేర్పే మొదటి పాఠం. ఆ పాఠాన్ని అక్షరాలా పాటించినందుకే ఫైళ్లు పోయాయి. నిర్లక్ష్యం వల్లో బద్ధకం వల్లో పోయి ఉంటే ఈ కథ రాయాల్సినంతది కాదు.

ఇంకో సంగతి దీనికన్నా బాధిస్తుంది. విడుదలకు ముందే విండోస్‌ను వాడి చూసే లక్షలమంది స్వచ్ఛంద పరీక్షకులు ఉన్నారు. ఇన్‌సైడర్లంటారు. తమ ఫైళ్లు మాయమయ్యాయని వాళ్లలో కొందరు నెలల ముందే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాశారు. ఆ హబ్‌లో ఒకే ఫిర్యాదును ఎందరు బలపరిస్తే అది అంత పైకి తేలుతుంది. రంగు బాగోలేదన్నదానికి వేల ఓట్లు పడతాయి. వెయ్యిమందిలో ఒకడికి కూడా రాని సమస్యకు పడేవి నాలుగైదు. ఆ నాలుగైదూ అడుగున ఉండిపోయాయి. పరీక్షలో బయటపడిన తప్పే, కానీ చెప్పింది వినబడలేదు. టెస్టర్ల ఉద్యోగాలు తీసేసినందుకే ఇలా అయిందని ఆ రోజుల్లో చాలామంది తిట్టారు. సగమే నిజమనిపిస్తుంది నాకు. పాతకాలపు టెస్టర్ చేతిలో ఓట్లు ఉండవు, కానీ ఫైల్ పోయిందంటే విడుదల ఆపమని కేకేసే అధికారం అతనికి ఉండేది. మనిషి పోవడం కన్నా ఆ కేక పోవడం పెద్ద నష్టం.

అక్టోబరు 6 కల్లా మైక్రోసాఫ్ట్ విడుదల ఆపేసింది. 9న విండోస్ సేవల అధికారి జాన్ కేబుల్ కారణాన్ని బహిరంగంగా రాశారు. నష్టపోయినట్టు ఫిర్యాదులు వచ్చింది పదివేలలో ఒకరి నుంచి మాత్రమేనన్నారు. అబద్ధమేమీ కాదు. అయితే 23 ఏళ్ల ఫైళ్లు పోగొట్టుకున్నవాడికి తాను పదివేలలో ఒకడినని తెలిస్తే ఊరట కలుగుతుందా? అందరూ బాగున్నారు, నువ్వు తప్ప, అన్నట్టు ఉంటుంది.

మళ్లీ తిరుత్తంగల్. టపాకాయల ఫ్యాక్టరీ అంటే పెద్ద షెడ్డు, పొడవాటి బల్లలు ఊహించుకుంటాం. అలా ఉండదు. పొలాల మధ్య దూరదూరంగా చిన్న చిన్న గదులు విసిరేసినట్టు ఉంటాయి. ఒక గదిలో నలుగురికి మించి కూర్చోకూడదు. మందు ఇంతకు మించి ఉంచకూడదని లెక్క ఉంటుంది. కలిపిన మందు మర్నాటికి మిగల్చకూడదు. తలుపులు బయటికే తెరుచుకోవాలి. ఇనుప పనిముట్టు లోపలికి రాకూడదు. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా గుమ్మం దగ్గర లోహపు పలకను తాకి మరీ వెళ్లాలి. అగ్గి పుడుతుందనుకునే ఇవన్నీ రాశారు. పుట్టినప్పుడు ఒక గదితో ఆగాలి. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టిలో ఒక ఫ్యాక్టరీలో మంటలు లేచి దాదాపు 40 మంది చనిపోయారు. పట్టవలసినదానికన్నా ఎక్కువ మందు, ఎక్కువ మనుషులు ఉన్నారని అప్పుడు తేలింది.

ఎజైల్ కూడా చిన్న గదులనే కోరుకుంటుంది. చిన్న బృందం, చిన్న పని, చిన్న విడుదల. మన మేనేజర్లు దాని వెనకున్న ఒకే కారణాన్ని వల్లెవేస్తారు: త్వరగా నేర్చుకుంటాం అని. తిరుత్తంగల్ గదికి రెండో కారణమే ముఖ్యం. తప్పు జరిగి తీరుతుంది గనక అది ఎంతమందిని తాకాలో ముందే కొలిచి గోడ కట్టుకున్నారు. 1809 విషయంలో కూడా, న్యాయంగా చెప్పాలంటే, ఆ గోడ కొంత పనిచేసింది. అప్పటికి విండోస్ 10 ఉన్న యంత్రాలు 70 కోట్లు. మీట నొక్కినవాళ్లకే ముందు ఇవ్వడం వల్ల నాలుగు రోజుల్లో ఆపగలిగారు. అందరికీ ఒకేసారి పంపి ఉంటే ఏమయ్యేదో లెక్కేయక్కర్లేదు. కానీ ఆ మొదటి గదిలో ఎవరిని కూర్చోబెట్టారు? అజూర్ డెవాప్స్ వాళ్లు తామే కూర్చున్నారు. విండోస్ వాళ్లు బ్యాకప్ లేని సామాన్యుణ్ని కూర్చోబెట్టారు.

కాబట్టి మీ బృందానికి ఎజైల్ సరిపోతుందా అని అడిగితే, మీ కుర్రాళ్లకు స్టాండప్ ఇష్టమా అని నేను అడగను. పొద్దున పెట్టిన మార్పును సాయంత్రం వెనక్కి తీసుకోగలరా? తీసుకున్నాక జరిగిన నష్టం కూడా వెనక్కి వస్తుందా? ఇవి రెండూ వేర్వేరు. కోడ్ వెనక్కి వస్తుంది, డిలీటైన ఫైల్ రాదు. తప్పుగా డబ్బు బదిలీ అయిన ఖాతాను దిద్దొచ్చు, కానీ ఆసుపత్రిలో తప్పు మోతాదు ఎక్కిన రోగిని దిద్దలేం. బారీ బోమ్, రిచర్డ్ టర్నర్ 2003లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశారు. బృందం ఎంత పెద్దది, పనిచేసేవాళ్లలో ఆరితేరినవాళ్లు ఎందరు, అడిగేది ఎంత తరచుగా మారుతుంది, అందరూ స్వేచ్ఛలో పనిచేయగలరా లేక క్రమం కావాలా అని కొలతలు పెట్టారు. అన్నింటికన్నా నాకు పదునుగా కనిపించేది అయిదో కొలత: తప్పు జరిగితే పోయేది ఏమిటి? సుఖమా, డబ్బా, ఒక ప్రాణమా, చాలా ప్రాణాలా? కొన వైపు వెళ్లేకొద్దీ కాగితం, సంతకం, విడిగా పరీక్షించేవాడు పెరగాలి.

హైదరాబాద్ సర్వీస్ కంపెనీల్లో ఈ కొలత ఎవరూ తీయరు. ఎజైలే కావాలని అమెరికా క్లయింటు కాంట్రాక్టులో రాస్తాడు. ధర ముందే ఖాయం, తేదీ ముందే ఖాయం, చేయాల్సిన పని కూడా ముందే ఖాయం. ఇక మారేది రాత్రి తొమ్మిదిన్నర స్టాండప్‌లో చెప్పే మాటలే. అది ఎజైల్ కాదు, పాత పద్ధతికి కొత్త చొక్కా. దానికన్నా నేరుగా దశలవారీగా చేస్తామని ఒప్పుకుంటే కుర్రాళ్లకు కనీసం నిద్రైనా దక్కుతుంది.

పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడాలని శివకాశికి టపాకాయల కన్నా ముందే తెలియాల్సింది. 1922లో పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. స్వీడన్ పెట్టుబడితో విమ్కో కంపెనీ 1923లోనే యంత్రాలతో దేశంలోకి దిగింది. శివకాశి చేతిపనితో దానికి ఎదురు నిలిచింది. వానలు తక్కువ, పొలాలు నిస్సారం, చేతులు ఎక్కువ. ఊరికి సరిపోయిన పద్ధతే. అయితే ఆ చేతుల్లో పిల్లల చేతులు ఎన్నో దశాబ్దాల పాటు ఉన్నాయి. పిల్లల చేత పని చేయించడం మీద న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. పద్ధతి బాగా సరిపోయిందని లెక్క చూసినవాళ్లెవరూ ఆ పిల్లలను లెక్కలో వేయలేదు.

2018 దీపావళి తర్వాత శివకాశి, తిరుత్తంగల్ చుట్టూ ఫ్యాక్టరీలు నెలల తరబడి మూతపడ్డాయి. కోర్టు కోరిన రకం ఎలా చేయాలో చేతిలో లేదు, చేస్తే చెల్లుతుందో లేదో తెలియదు. నాగ్‌పూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్వాస్, స్టార్, సఫల్ అనే మిశ్రమాలు రూపొందించారు. 2019లో శివకాశిలోనే ముడిసరుకు పరీక్షించే ప్రయోగశాల పెట్టారు. తయారీదారు తన మిశ్రమాన్ని అక్కడికి తెచ్చి, చూపించి, దిద్దుకుని, మళ్లీ తెచ్చుకోవచ్చు. గమనించండి, తిరిగి తిరిగి దిద్దుకునే పని ఇక్కడా జరిగింది. ప్రయోగశాల గోడల లోపల జరిగింది, పిల్లవాడి చేతిలోని చిచ్చుబుడ్డిలో కాదు. ఒకసారి పాళ్లు ఖాయమయ్యాక ఫ్యాక్టరీలో ఎవడూ సొంత తెలివి చూపించకూడదు. ఒకే సరుకుకు రెండు పద్ధతులు. ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ రెండోది మొదలవ్వాలో తెలియడమే నేర్పు.

విండోస్ కూడా అటే నడిచింది. 2018 నవంబరు 13న 1809ని మళ్లీ విడుదల చేశారు, ఈసారి చాలా మెల్లగా. ఫీడ్‌బ్యాక్ హబ్‌లో ఫిర్యాదు రాసేవాడు సమస్య ఎంత తీవ్రమైందో కూడా చెప్పే వీలు పెట్టారు. ఓట్లు లేకపోయినా కేక వినబడటానికి. 2019 మే అప్‌డేట్‌ను బయటికి వదలడానికి ముందు చివరి పరీక్షా వలయంలో వారాల తరబడి ఉంచారు. అప్‌డేట్ ఎప్పుడు పెట్టుకోవాలో నిర్ణయించుకునే పట్టు వాడేవాడికి పెరిగింది. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు కొత్త సౌకర్యాల అప్‌డేట్ ఏడాదికి ఒక్కసారే అన్నారు. ఆ నవంబరులో విండోస్ 10నీ అదే లెక్కకు మార్చారు. భద్రతా లోపాలకు వేసే అతుకులు మాత్రం 2003 నుంచి వస్తున్నట్టే ప్రతి నెలా రెండో మంగళవారం వస్తూ ఉన్నాయి. వాటిని ఏడాది దాకా ఆపితే దొంగలు ఆగరు కదా.